టేస్టింగ్ సాల్ట్ మీకు పడుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

ఈమధ్య మా కర్రీ పాయింట్‌కి వచ్చేవాళ్లు కూరలో ఏం వేశారని అడగడం మానేశారు. ఏం వేయలేదో చెప్పించుకుంటున్నారు. "అజినమోటో వేయలేదు కదక్కా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, లేదంటేనే పార్సిల్ కట్టించుకుంటారు. అలా అడిగినాయనే పోతూ పోతూ పక్క కొట్లో పిల్లాడికి మసాలా చిప్స్ కొంటాడు. ఆ ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో ఏముందో తిప్పి చూడడు. మా దగ్గర ఆవకాయ కూడా పావుకిలో తీసుకుంటాడు గానీ, అందులో ఉప్పెంత పడిందని ఒక్కనాడూ అడగలేదు.

మాది విజయవాడ సత్యనారాయణపురం. చదివింది హోమ్ సైన్స్, బతుకుతున్నది వంట మీద. మామూలు కూరల్లో, పప్పుల్లో నేను ఆ అజినమోటో, అంటే టేస్టింగ్ సాల్ట్ వేయను, దాని అవసరం రాదు. సాయంత్రం చేసే ఫ్రైడ్ రైస్‌లో, మంచూరియాలో కొద్దిగా వేస్తాను. అడిగితే వేశాననే చెప్తాను. ఇంట్లో మాత్రం మా అత్తయ్య చారులో కావాలనే వేస్తాను. ఆవిడకి బీపీ. బీపీ ఉన్న మనిషికి అదేం పని అని మా ఆడపడుచు మొదట్లో నా మీద గయ్యిమంది. ఆ లెక్క కింద వివరంగా చెప్తాను.

ఈ పొడి విషమని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు ఎన్నాళ్లైనా వాదించుకోవచ్చు. మీ ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి మాత్రం వాదన అక్కర్లేదు. వంటింట్లో ఉన్న సామానుతో తేల్చుకోవచ్చు.

అసలు అదేమిటి

1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ కికునే ఇకెడా ఒక ప్రశ్న పట్టుకున్నాడు. కొంబు అనే సముద్రపు నాచు వేసి కాచిన నీళ్లకి అంత రుచి ఎక్కడి నుంచి వస్తోంది? ఉప్పు కాదు, తీపి కాదు, పులుపు కాదు, చేదు కాదు. ఆ నాచులోంచి గ్లూటమిక్ యాసిడ్‌ని విడదీసి ఇదే కారణమని తేల్చాడు. ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. దాన్ని సోడియంతో కలిపి పొడిగా చేస్తే నీళ్లలో ఇట్టే కరుగుతుంది, నిల్వ ఉంటుంది. అదే మోనోసోడియం గ్లూటమేట్, మన టేస్టింగ్ సాల్ట్. 1909లో అది అజినమోటో పేరుతో జపాన్ అంగళ్లలోకి వచ్చింది. మనవాళ్లు ఇప్పటికీ ఏ కంపెనీ పొడినైనా ఆ పేరుతోనే పిలుస్తారు.

మొదట్లో గోధుమలోని గ్లూటెన్ నుంచి తీసేవాళ్లు. 1956లో జపాన్‌లోనే గ్లూటమేట్‌ని తయారుచేసే ఒక బ్యాక్టీరియా దొరికింది. అప్పటినుంచి చెరకు మొలాసిస్, కర్రపెండలం పిండి, మొక్కజొన్న పిండి లాంటివాటిని ఆ బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. పంది ఎముకల నుంచి తీస్తారని వాట్సాప్‌లో తిరిగే మాట వట్టిది.

గ్లూటమిక్ యాసిడ్ మన ఒంటికి కొత్తదేం కాదు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, గోధుమ, ఏ ప్రొటీన్‌లో చూసినా ఉంటుంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో పెద్దవాళ్లకి తిండిలోని ప్రొటీన్ ద్వారా రోజుకి సుమారు 13 గ్రాముల గ్లూటమేట్ అందుతుంది. పొడి రూపంలో చేరేది అర గ్రాము చిల్లర. తల్లిపాలలో ప్రొటీన్‌లో కలవకుండా విడిగా ఉండే గ్లూటమేట్ ఆవుపాలలో కన్నా చాలా రెట్లు ఎక్కువ. టమాటా పండేకొద్దీ అందులో గ్లూటమేట్ పెరుగుతుంది. పచ్చి టమాటా పప్పుకీ పండు టమాటా పప్పుకీ రుచిలో ఉండే తేడాలో పులుపుతో పాటు దీని వాటా కూడా ఉంది. పొడిలోంచి వచ్చిన గ్లూటమేట్‌కీ టమాటాలోంచి వచ్చినదానికీ ఒంట్లో తేడా తెలియదు. తిన్నదాంట్లో ఎక్కువ భాగాన్ని పేగుల గోడల్లోని కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి, రక్తంలోకి చేరేది తక్కువ.

ఒకసారి నాలిక మీద విడిగా చూడండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూన్ పొడి కలిపి ఒక గుక్క నోట్లో తిప్పండి. ఉత్తిగా తాగితే బాగుండదు, ముందే చెప్తున్నా. ఎక్కువ ఉప్పదనం ఉండదు. నాలిక అంతా పరుచుకున్నట్టుంటుంది, నోట్లో నీళ్లూరతాయి, మింగేశాక కూడా కాసేపు పోదు. ఈ రుచి ఒకసారి పట్టుబడితే బయట తినేటప్పుడు ప్లేట్లో అది ఎంత పడిందో చాలావరకు చెప్పగలుగుతారు.

భయం ఎక్కడ మొదలైంది

1968 ఏప్రిల్‌లో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' కి ఒక ఉత్తరం రాశాడు. అమెరికాలో చైనీస్ హోటల్లో తింటే మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని. సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, టేస్టింగ్ సాల్ట్ కావచ్చు, ఉప్పు ఎక్కువై కావచ్చు అని ఆయన అనుమానాలన్నీ వరసగా రాశాడు. జనానికి ఒక్కటే గుర్తుండిపోయింది. మరుసటి ఏడాది జాన్ ఓల్నీ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి దీన్ని పెద్ద మోతాదులో ఇంజెక్షన్ చేస్తే మెదడు దెబ్బతిందని చూపించాడు. ఇంజెక్షన్ వేరు, అన్నంలో కలుపుకుని తినడం వేరు. అయినా భయం మాత్రం స్థిరపడిపోయింది.

ఆ తర్వాత మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది ఇంతే. 1995లో ఎఫ్‌డీఏ కోసం తయారైన నివేదిక ప్రకారం, తిండి లేకుండా ఒకేసారి 3 గ్రాములో అంతకంటే ఎక్కువో తీసుకుంటే కొద్దిమందికి తలనొప్పి, తిమ్మిరి, ఒళ్లు వేడెక్కడం, దడ లాంటివి కాసేపు రావచ్చు. మామూలుగా ఒక ప్లేట్లో పడేది అర గ్రాము లోపే. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, మాకిది పడదు అని గట్టిగా నమ్మే 130 మందికి ఏదిస్తున్నారో చెప్పకుండా, ఖాళీ కడుపున 5 గ్రాముల దాకా ఇచ్చి చూశారు. మళ్లీ మళ్లీ పరీక్షించినా ప్రతిసారీ నిజంగా స్పందించినవాళ్లు ఇద్దరే తేలారు. ఆ ఇద్దరికీ భోజనంతో కలిపి ఇస్తే అదీ నిలకడగా రాలేదు. ఆస్తమాకి దీనికీ సంబంధం ఉందని 1980ల్లో అన్నారు గానీ, తర్వాత పద్ధతిగా చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు.

అన్ని దేశాలదీ ఒకటే మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి వేసిన నిపుణుల కమిటీ 1987లో దీనికి రోజువారీ హద్దు అంకెల్లో పెట్టనక్కర్లేదంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో కిలో శరీర బరువుకి రోజుకి 30 మిల్లీగ్రాములని హద్దు పెట్టింది. అంటే 60 కిలోల మనిషికి 1.8 గ్రాములు. నాకు యూరప్ మాటే కాస్త నచ్చుతుంది, వంటచేసేవాళ్లకి కొలత ఒకటి చేతిలో ఉంటుంది కాబట్టి.

మనదగ్గర భయం పెరిగింది 2015లో, మ్యాగీ గొడవతో. ఉత్తరప్రదేశ్‌లో తీసిన శాంపిల్‌తో మొదలై జూన్ 5న దేశమంతా ఆపేశారు. టేస్టింగ్ సాల్ట్ ఉందని బ్యాన్ చేశారనే ఇప్పటికీ చాలామంది చెప్తారు. అసలు గొడవ సీసం ఎక్కువుందన్న ల్యాబ్ రిపోర్టుల మీద, టేస్టింగ్ సాల్ట్ 'కలపలేదు' అని లేబుల్ మీద రాసిన మాట మీద. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఆదేశం కొట్టేసింది, నవంబర్లో నూడుల్స్ మళ్లీ కొట్లకొచ్చాయి. 2016లో మన దేశ ఫుడ్ సేఫ్టీ సంస్థ ఒక వివరణ ఇచ్చింది. గోధుమలో, పాలలో, మసాలా దినుసుల్లో సహజంగా ఉండే గ్లూటమేట్‌ని, కలిపినదాన్ని ల్యాబ్‌లో విడదీసి చెప్పే పద్ధతి లేదని.

పరీక్ష ఎలా చేసుకోవాలి

ముందు ఎవరు చేసుకోకూడదో. బయట తిన్నాక పెదవులు, ముఖం వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు పట్టేసినా అది వేరే సంగతి. వేరుశనగో, రొయ్యలో, జీడిపప్పో పడక వచ్చే అలర్జీ అయి ఉండొచ్చు. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు ఈ పరీక్ష చేయకండి. తలనొప్పి, బరువు, దాహం, దడ, మెడ పట్టేయడం లాంటి చిన్న ఇబ్బందులున్న పెద్దవాళ్లకే ఇది.

మొదటి రెండు వారాలు వంటలో ఏమీ మార్చకండి. ఒక పాత నోట్‌బుక్‌లో ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఆ రోజు నీళ్లు ఎంత తాగారు, ముందు రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఇబ్బంది వస్తే తిన్న ఎంతసేపటికి వచ్చింది రాసుకోండి. టీ మానేసిన రోజు తప్పకుండా రాయండి. సగం మంది సమస్య ఇక్కడే బయటపడిపోతుంది. మా దగ్గర రోజూ రాత్రి పార్సిల్ తీసుకెళ్లే రైల్వే ఆయన ఒకాయన ఉన్నారు. నూడుల్స్ తిన్న రోజే తలనొప్పి అనేవారు. రాయించి చూస్తే, డ్యూటీ దిగి రాత్రి పదిన్నర దాటాక ఖాళీ కడుపుతో తిన్న రోజులన్నిటికీ తలనొప్పే, అది పెరుగన్నమైనా సరే.

అప్పటికీ అనుమానం తీరకపోతే అసలు పరీక్ష. దీనికి ఇంట్లో ఇంకో మనిషి సాయం కావాలి.

రెండు చిన్న సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో 10 గ్రాముల టేస్టింగ్ సాల్ట్, ఇంకోదాంట్లో 3 గ్రాముల మామూలు ఉప్పు వేసి, రెండింట్లోనూ కాచి చల్లార్చిన నీళ్లు 100 మిల్లీలీటర్ల గుర్తు దాకా పోసి కరిగించండి. కంసాలి దగ్గరుండే లాంటి చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. వంటింట్లో దాని ఉపయోగం దీనితో అయిపోదు, కొనుక్కోండి. ఇప్పుడు ఏ సీసాలోంచి తీసినా రెండు టీస్పూన్లు అంటే 10 మిల్లీలీటర్లు. ఒకదాంట్లో 1 గ్రాము టేస్టింగ్ సాల్ట్, ఇంకోదాంట్లో 0.3 గ్రాముల ఉప్పు. రెండింట్లోనూ సోడియం దాదాపు సమానం. ఇది ముఖ్యం. సోడియం తేడా ఉంటే ఇబ్బంది ఉప్పుతో వచ్చిందా, గ్లూటమేట్‌తో వచ్చిందా చెప్పలేం. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులకోసారి కొత్తగా కలపండి. ఏది ఏ సీసానో సాయం చేసే మనిషికే తెలియాలి.

పరీక్షకి మిరియాల చారు మంచిది. చింతపండు పులుపు, మిరియాల ఘాటు, ఇంగువ వాసన ఉంటే ఏ సీసాలోది పడిందో నాలికకి అంత తేలిగ్గా దొరకదు. టమాటా వేయకండి, అందులో ముందే గ్లూటమేట్ ఉంటుంది. ఉప్పు రోజూ వేసేదానికన్నా ఒక పిసరు తక్కువ వేయండి. గిన్నెడు చారులో ఆ మనిషి రెండు టీస్పూన్లు కలిపి, గిన్నె బల్ల మీద పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోవాలి. ఎదురుగా కూర్చుంటే మొహం చూసి కనిపెట్టేస్తారు. మా ఆయన అయితే నవ్వు ఆపుకోలేరు. చారుని అన్నంతో తినండి, ఆ పూట మిగతా కూరలు మామూలుగా మీకు ఏ ఇబ్బందీ చేయనివే ఉండాలి.

తిన్న అరగంటకి, గంటకి, రెండు గంటలకి, మూడు గంటలకి ఎలా ఉందో రాయండి. తలనొప్పి ఉంటే పదికి ఎంత అని అంకె వేయండి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయండి, ఖాళీ వదలకండి.

ఇలా ఆరుసార్లు చేయాలి, రెండు మూడు రోజుల తేడాతో. మూడుసార్లు టేస్టింగ్ సాల్ట్, మూడుసార్లు ఉప్పు. వరస ఆ సాయం చేసే మనిషి చిట్టీలు తీసి నిర్ణయించాలి, తనకి తోచినట్టు వేయకూడదు. చిట్టీల లెక్క తను వేరే కాగితంలో రాసి మడిచి పెట్టుకోవాలి. ఆరూ అయ్యేదాకా విప్పకూడదు. మధ్యలో ఉండబట్టలేక చూశారా, మళ్లీ మొదటి నుంచి.

విప్పాక ఎలా చదవాలంటే, టేస్టింగ్ సాల్ట్ పడిన మూడు రోజులూ తలనొప్పి వచ్చి, ఉప్పు పడిన మూడు రోజులూ రాకపోతే మీకది పడట్లేదనుకోవడానికి గట్టి ఆధారమే. ఆరింట్లో మూడు రోజులు తలనొప్పి ఎలాగూ రావాలనుకుంటే, అవి సరిగ్గా ఆ మూడు రోజులే కావడం ఇరవైలో ఒక వంతు అవకాశం. రెండు ఇటు, ఒకటి అటు వస్తే మామూలు కాకతాళీయమే. రెండు రకాల రోజుల్లోనూ వస్తే కారణం ఇంకెక్కడో ఉంది. ఏ రోజూ రాకపోతే అన్నంతో కలిపి 1 గ్రాము దాకా మీకు ఇబ్బంది లేదు. మా వీధిలో ఒకావిడకి మూడుకి మూడూ అలాగే వచ్చాయి. అప్పటినుంచి మంచూరియా మానేసింది, హాయిగా ఉంది. దానికి ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

మోతాదు పెంచి, ఖాళీ కడుపున తాగి పరీక్షించుకోకండి. అలా ఎవరూ తినరు, ఆ ఫలితంతో మీకు పనిలేదు.

ప్యాకెట్ వెనక చూడాల్సింది

పదార్థాల జాబితాలో 'ఫ్లేవర్ ఎన్‌హాన్సర్' అనే మాట వెతకండి. దాని పక్కన 621 అంటే ఇదే. 620 నుంచి 625 వరకు అన్నీ గ్లూటమేట్ కుటుంబమే, సోడియం బదులు పొటాషియం, కాల్షియం లాంటివి ఉంటాయంతే. 627, 631, 635 వేరే పదార్థాలు. ఇవి ఒంటరిగా పెద్ద పని చేయవు, గ్లూటమేట్ పక్కనుంటే రుచిని ఒక్కసారిగా లేపుతాయి. 631 ఉండి 621 లేని ప్యాకెట్ కనిపిస్తే ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రొలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్, సోయా సాస్ పొడి, టమాటా పొడి, చీజ్ పొడి వీటిలో ఏదో ఒకటి ఉందేమో చూడండి. గ్లూటమేట్ అక్కడినుంచి వస్తుంది. చట్టప్రకారం 'కలపలేదు' అన్నమాట అబద్ధం కాకపోవచ్చు, మీ పరీక్షలో మీకు పడదని తేలితే మాత్రం ఈ ప్యాకెట్టూ లెక్కలోకే వస్తుంది.

శాకాహారులకి ఒక మాట. 621 పులియబెట్టి తీసేది. 627, 631 చేప, మాంసం నుంచి కూడా తీయొచ్చు, కర్రపెండలం లాంటివాటి నుంచి కూడా తీయొచ్చు. అంకె చూసి బెంబేలెత్తక్కర్లేదు, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందా లేదా చూసుకోండి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు మాత్రం ఈ రెండింటి గురించి డాక్టర్ని అడగడం మంచిది, ఇవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి.

621 కలిపిన ప్యాకెట్ మీద 12 నెలల లోపు పిల్లలకి వద్దని రాయాలని మన చట్టం. రాసినా రాయకపోయినా ఏడాది నిండని పిల్లలకి ప్యాకెట్ మసాలా ఎందుకు?

ఇవన్నీ చూశాక చివర్లో సోడియం అంకె చూడండి. నా ఉద్దేశంలో అసలు చూడాల్సింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, సుమారు ఒక టీస్పూన్. 100 గ్రాములకి 1000 మిల్లీగ్రాములని ఉంటే, 70 గ్రాముల ప్యాకెట్ ఒకటి లాగించేసరికి 700 అయిపోయినట్టు. ఇంకా ఇడ్లీ చట్నీ, మధ్యాహ్నం పప్పులోకి ఆవకాయ, రాత్రి మజ్జిగ మిరపకాయ మిగిలే ఉన్నాయి. ఫాస్ట్‌ఫుడ్ తిన్న రాత్రి నోరెండిపోయి నీళ్లు తాగుతూనే ఉంటే, ముందు అనుమానించాల్సింది సోయా సాస్‌లో ఉన్న ఉప్పుని.

అత్తయ్య చారు లెక్క

మామూలు ఉప్పులో సోడియం 39 శాతం పైనే. టేస్టింగ్ సాల్ట్‌లో 12 శాతం. ఇక్కడే నా పనంతా.

లీటరు చారుకి ఇంతకుముందు 8 గ్రాముల ఉప్పు వేసేదాన్ని. అంటే 3.1 గ్రాముల సోడియం. ఇప్పుడు ఉప్పు 5 గ్రాములు, టేస్టింగ్ సాల్ట్ 2 గ్రాములు. ఉప్పులోంచి దాదాపు 2 గ్రాములు, ఆ పొడిలోంచి పావు గ్రాము, మొత్తం 2.2 గ్రాముల సోడియం. సుమారు 30 శాతం తగ్గింది. ఉత్తి 5 గ్రాముల ఉప్పుతో చారు పెడితే అత్తయ్య రెండు ముద్దలు తిని, "ఇదేం చారే, నీళ్లచారు" అని పక్కకి నెట్టి ఊరగాయ జాడీ తీసేది. ఆ ఊరగాయతో నేను మిగిల్చిన ఉప్పంతా తిరిగొచ్చేది. ఇప్పుడు గిన్నె ఖాళీ చేస్తుంది.

మా ఆడపడుచుకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక కోపం తగ్గింది. "ఏమో వదినా, నీ చదువు నీది" అంది, అంతకంటే ఒప్పుకోదు.

మీరు చేసేటప్పుడు ముందు ఉప్పు తగ్గించి, ఆ తర్వాతే పొడి వేయండి. ఉప్పు ఎప్పట్లాగే వేసి పైన ఇది కూడా వేస్తే సోడియం పెరుగుతుంది, బీపీ మనిషికి మేలు బదులు కీడే. లీటరుకి 2 గ్రాములు చాలు, అర టీస్పూన్. మాంసం కూరైతే అర కిలోకి కూడా అంతే. ఎక్కువ వేస్తే రుచి పెరగదు, నోరంతా బంకగా, వెగటుగా అవుతుంది. దించే ముందు వేసినా, మరిగేటప్పుడు వేసినా ఒకటే, వేడికి చెడదు. పాయసంలో, పెరుగు పచ్చడిలో వేసి చూడొద్దు, అక్కడ దానికి చోటు లేదు. ఒకే రోజు రెండు మూడు వంటల్లో వేయకండి, ఎవరి వాటాకి ఎంత వస్తోందో లెక్క తప్పుతుంది.

కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఏ మార్పూ చేయొద్దు. 'లో సోడియం' అని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకీ కిడ్నీ వాళ్లకీ అది ప్రమాదం. అత్తయ్యకి ఆ ఉప్పు కాకుండా నేను ఈ దారి పట్టడానికి అదొక కారణం.

పొడి లేకుండా అదే రుచి

పొడి ఇష్టం లేకపోతే మన వంటల్లోనే దారులున్నాయి. బాగా పండిన టమాటాలని మూత తీసి, నీళ్లు ఇగిరి నూనె తేలేదాకా మగ్గించండి. కిలో టమాటా పిడికెడు గుజ్జయ్యేసరికి గ్లూటమేట్ కూడా చిక్కబడుతుంది. ఎండు రొయ్యల్లో గ్లూటమేట్‌తో పాటు 631 లో ఉండే ఇనోసినేట్ కూడా సహజంగానే ఉంటుంది. ఆ రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నదానికన్నా రుచి ఎన్నో రెట్లు. మన అమ్మమ్మలు టమాటాలో ఎండు రొయ్యలు ఎందుకు వేశారో ఇకెడా ప్రయోగశాలతో పనిలేకుండానే తెలుస్తుంది. రొయ్యలు తల, తోక గిల్లి, మట్టి పోయేలా కడిగి, పొడి మూకుట్లో వాసన వచ్చేదాకా వేయించి, మగ్గిన టమాటాలో వేసి ఐదు నిమిషాలు ఉంచి చూడండి. ఉప్పు సగం వేసి రుచి చూసి తర్వాతే పెంచండి, ఎండు రొయ్యల్లో ఉప్పు ముందే ఉంటుంది. శాకాహారులైతే ఎండు పుట్టగొడుగులు నానబెట్టి ఆ నీళ్లు చారులో పోయొచ్చు, అందులో 627 కి సంబంధించిన గ్వానిలేట్ ఉంటుంది. టమాటా చారులో ఆ నీళ్లు అర గ్లాసు చాలు. వాసన కొత్తగా ఉంటుంది, మొదటిసారి తక్కువ పోయండి.

ఈ దారి పట్టినా గ్లూటమేట్ తింటున్నట్టే. ఆ పరీక్షలో మూడుకి మూడూ తలనొప్పి వచ్చినవాళ్లు టమాటా గుజ్జు, ఎండు రొయ్యలు కూడా ఒకసారి నోట్‌బుక్‌లో రాసి చూసుకోవాలి.

కొనేటప్పుడు లూజుగా కవర్లో కట్టిచ్చే తెల్లపొడి తీసుకోకండి. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు, ఉప్పు కలిపి తూకం పెంచినా కనిపెట్టలేం. సీలున్న ప్యాకెట్ మీద 621, లైసెన్స్ నంబరు, తేదీ ఉండాలి. మంచి పొడి సూదుల్లాంటి పలుకులుగా ఉంటుంది, కొద్దిగా మెరుస్తుంది. తడి లేని సీసాలో పోసి పేరు రాసి, చక్కెర, ఉప్పు సీసాలకి దూరంగా పెట్టండి. బయట బండి దగ్గర తినేటప్పుడు "అజినమోటో వద్దు" అని ఒక్క మాటతో ఊరుకోకండి. "సోయా సాస్ సగమే పోయి బాబూ, ఉప్పు మళ్లీ వేయకు" అనండి. ఆ కుర్రాడు వింతగా చూస్తాడు గానీ, చేస్తాడు.